పీట కింద నేల

"పొయ్యలేదని ఒక్క మాట అనండి అత్తయ్యగారూ. నమ్మేస్తాను."

"పోశాను."

"నిన్నేనా?"

"నిన్న శుక్రవారం కదమ్మా. ఒక్క చెంబు. అంతకన్నా చుక్క ఎక్కువ పొయ్యలేదు."

శాంభవి చేతిలో తడిసిన పాలిథీన్ ముక్క ఉంది. చెక్క నేల వెయ్యడానికి ముందు, బుధవారం నాడు వడ్రంగి అబ్రహాము హాల్లో తొమ్మిది చోట్ల ఇలాంటి ముక్కలు పరిచి, నాలుగంచులా టేపు వేసి వెళ్ళాడు. కింద చెమ్మ ఉంటే కవరు లోపలి వైపు చెమట పడుతుందన్నాడు. శనివారం వచ్చి చూస్తాననీ, అప్పటిదాకా ఈ గచ్చు మీద నీటి చుక్క పడకూడదనీ మూడుసార్లు చెప్పాడు. ఎనిమిది ముక్కలు పొడిగా ఉన్నాయి. ఈశాన్యం మూల ఉన్న తొమ్మిదో ముక్క నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మూడు వారాల్లో ఇది మూడోసారి. మొదటిసారి వాన జల్లు అనుకున్నాం. రెండోసారి కిటికీ అనుకున్నాం. మీరు చెంబుతో పోస్తుంటే నేను కిటికీకి పరదాలు కట్టుకున్నాను!"

లక్ష్మీనరసమ్మ చేతిలో ఉన్న తోటకూర కట్ట విప్పి, లేని పుచ్చాకుల కోసం వెతకడం మొదలుపెట్టింది.

"నా మోకాళ్ళ సంగతి తెలిసి కూడా ఎందుకు పోశారో చెప్పండి."

"అలవాటు."

"నేనడిగినా మానలేని అలవాటా?"

"నువ్వడిగినా మానలేనిదే" అంది ఆవిడ తోటకూరతో.

ఉదయభాస్కర్ షర్టు గుండీలు పెట్టుకుంటూ గదిలోంచి వచ్చాడు. ఇరిగేషన్ ఆఫీసులో ఇంజనీరు. బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేసి నాలుగు రోజులైంది. కృష్ణ ఎన్ని లక్షల క్యూసెక్కుల మీద ఉందో గంటగంటకీ చెప్పగలడు గానీ, హాల్లో నిలబడ్డ ఇద్దరాడవాళ్ళ మధ్య ఏం పొంగుతోందో ఏనాడూ చెప్పలేడు.

"ఏమైంది?"

"మీ అమ్మగారు మళ్ళీ నీళ్ళు పోశారు."

"ఆ..." అన్నాడు. తల్లిని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. "సరే, చూద్దాం."

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఉదయభాస్కర్ చూద్దాం అన్నాడంటే, ఇక చూడడని అర్థం.

శాంభవి గోడ పట్టుకుని కుర్చీలో కూర్చుంది. కూర్చునేటప్పుడు కుడి మోకాలు కటుక్కుమంది. మోకాలి గుజ్జు అరిగిందన్నాడు బెంజ్ సర్కిల్ దగ్గరి ఎముకల డాక్టరు. ముప్ఫై నాలుగేళ్ళుగా గట్టి గచ్చు మీద పాదం కొడుతుంటే అరక్కేం చేస్తుందమ్మా అన్నాడు. ఆపెయ్యండి, లేదా చెక్క నేల మీద ఆడండి, ఇంకో ఏడాది ఇదే గచ్చు మీద ఆడితే చేతికి కర్ర ఇస్తాను, ఇదీ ఆయన చెప్పింది. శాంభవికి నలభై రెండేళ్ళు. చేతికి కర్ర వద్దు, కాలికింద కర్ర కావాలి అని ఆ రోజు నవ్వుతూనే అంది. ఆటోలో ఇంటికొస్తూ ఏడ్చింది.

పన్నెండు రోజుల్లో విజయదశమి. కొత్త పిల్లలు గజ్జెలు పుచ్చుకునేది ఆ రోజే. ఇప్పటికి నలభై మంది ఉన్నారు, ఇంకో పదిహేను మంది పేర్లిచ్చారు. దశమి నాటికి చెక్క నేల పడకపోతే ఈ ఏడాదికి క్లాసు మూసేస్తానని ఆమే అందరి ముందూ అంది. మూసిన క్లాసు మళ్ళీ తెరుచుకోదని ఆమెకి లోపల్లోపల తెలుసు. నలభై రెండేళ్ళ కాళ్ళు ఒకసారి ఆగితే ఆగినట్టే.

వరండాలో టేకు పలకలు పేర్చి ఉన్నాయి. గుడివాడ దగ్గర పాత రైసు మిల్లు కూల్చినప్పుడు అబ్రహాము వెతికి పట్టుకొచ్చిన పలకలు. ఈ ఇంటి గాలికి అలవాటు పడాలని, మధ్య మధ్య పుల్లలు పెట్టి మూడు వారాలుగా అలాగే ఉంచాడు. వాటి పక్కనే ఎత్తు కుర్చీలో భానుమూర్తి కూర్చుని ఉన్నాడు, పేపరు అడ్డం పెట్టుకుని.

భానుమూర్తి శాంభవికి మావగారు. అంతకన్నా ముందు మాస్టారు. కూచిపూడి నుంచి వచ్చి, సత్యనారాయణపురంలో ఈ పాత ఇల్లు కొని, పెరట్లో ఈ హాలు కట్టి, నలభై ఏళ్ళు నాట్యం నేర్పినవాడు. శాంభవి ఎనిమిదో ఏట ఆయన దగ్గర గజ్జె కట్టింది, ఇరవై మూడో ఏట ఆయన కోడలైంది. రెండేళ్ళ కిందట తుంటి ఎముక విరిగాక ఆయన కింద కూర్చోలేడు. కూర్చోబెడితే లేవలేడు, ఇద్దరు పట్టుకు లేపాలి. చెవులు కూడా సగమే పనిచేస్తాయి.

శాంభవితో ఆయన మాట్లాడి ఆరు నెలలైంది. కారణం ఒక పీట.

హాల్లో ఈశాన్యం మూలకి కాస్త ఇవతల, గజం వెడల్పు పనస చెక్క పీట ఉండేది. దాని చుట్టూ పాత జంపఖానా. మాస్టారు నలభై ఏళ్ళూ దాని మీద కూర్చునే తాళం వేశాడు. చిన్నప్పుడు ఎవరైనా ఆట మరిచి ఆ జంపఖానా అంచు తొక్కితే చాలు, చేతిలో తాళాలు విసిరేసినంత పని చేసేవాడు. 'నా పీట దగ్గరికి రావద్దు!' అది గురువుగారి దర్జా అనుకున్నారు అందరూ. తుంటి విరిగాక కూడా ఖాళీ పీటని అక్కణ్ణుంచి కదపనివ్వలేదు. పిల్లలు ఎక్కువై చోటు చాలక, మొన్న ఉగాదికి శాంభవి దాన్ని అటక ఎక్కించింది. ఆ రోజు ఆయన కేకలకి పక్క అపార్ట్‌మెంటులో వాళ్ళు బాల్కనీల్లోకి వచ్చారు. ఆ తర్వాత ఇక మాటల్లేవు. రోజూ క్లాసు జరిగినంతసేపూ మాత్రం వరండా కుర్చీలో కూర్చుని, కళ్ళార్పకుండా హాల్లోకి చూసేవాడు. తప్పులు పడుతున్నాడనుకుంది శాంభవి.

*

అబ్రహాము తొమ్మిదింటికి వచ్చాడు. తడిసిన ముక్కని వెలుగుకి పెట్టి చూసి, జేబులోంచి బీడీ తీసి, మాస్టారి ఇల్లని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"చెంబుడు నీళ్ళకి ఇంత చెమ్మ రాదమ్మా."

"అత్తయ్యగారు ప్రతి శుక్రవారం పోస్తారట."

"ఎక్కడ పోస్తారు పెద్దమ్మగారూ?"

లక్ష్మీనరసమ్మ వంటింటి గడప దాటలేదు. చూపుడువేలితో మూలకి చూపించింది. అక్కడ గోడ వారగా, పసుపు రాసిన చిన్న ఇత్తడి మూత ఉంది. హాలు కడిగిన నీళ్ళు పోయే తూము అనుకునేది శాంభవి. అందరూ అలాగే అనుకున్నారు.

అబ్రహాము ఆ మూతని చూశాడు. లేచి బయటికి వెళ్ళాడు. గోడ చుట్టూ తిరిగి వచ్చాడు.

"ఇది తూము కాదండీ. బయట దీనికి నోరు లేదు. మరి ఈ నీళ్ళు ఎటు పోతున్నట్టు?"

వంటింట్లో కుక్కరు విజిలేసింది.

అబ్రహాము మోకాళ్ళ మీద కూర్చుని సుత్తి పిడితో గచ్చు మీద తట్టడం మొదలుపెట్టాడు. ఠక్, ఠక్, ఠక్. గట్టి నేల. ఠక్, ఠక్. ఒకప్పుడు పీట ఉన్న చోటికి వచ్చేసరికి చప్పుడు మారింది. ధబ్. ఇంకో అడుగు ఇటు. ధబ్. సుద్దముక్క తీసుకుని, చప్పుడు మారినచోటల్లా గీత గీసుకుంటూ పోయాడు. పూర్తయ్యాక చూస్తే నేల మీద ఆరడుగుల గుండ్రటి గీత మిగిలింది.

"డొల్ల" అన్నాడు.

"అంటే?" అంది శాంభవి.

"మామూలేనండీ. పాత గచ్చు కింద పట్టు వదిలేస్తుంది. పైన పెచ్చు, కింద ఖాళీ. కొట్టేసి, మళ్ళీ పోసి, మట్టం చెయ్యాలి. చెక్క పడుకోవాలంటే కింద నేల అద్దంలా ఉండాలి. రెండు రోజుల పని."

శాంభవికి ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులంటే ఏముంది? ఆరడానికి ఇంకో వారం వేసుకున్నా దశమికి అందుతుంది.

"కొట్టేయండి."

"గుండ్రంగా డొల్ల పడ్డం మాత్రం నేనెక్కడా చూళ్ళేదమ్మా" అని గొణిగి, ఉలి తీశాడు.

"అబ్రహామూ!"

వరండాలోంచి కేక. భానుమూర్తి పేపరు కింద పడింది. "ఆ మూల ముట్టుకోవద్దు."

"కొట్టకపోతే చెక్క ఆగదు మాస్టారూ. ఏడాది తిరక్కుండా ఉబ్బిపోద్ది."

"అయితే చెక్క వద్దు. నా పీట దింపించి అక్కడ వెయ్యండి."

ఆరు నెలల తర్వాత, కోడలు ఉండగా ఆయన నోరు తెరిచి అన్న మొదటి మాటలు అవి. శాంభవికి ఒళ్ళు మండింది. లేవకూడనంత వేగంగా లేచింది.

"మావయ్యగారూ, ఇంకా పీటేనా? నా కాళ్ళు పోతున్నాయి. మీరు నేర్పిన విద్య ఈ కాళ్ళలోనే ఉంది, ఇంకెక్కడా లేదు. కాళ్ళు పోయినా ఫర్వాలేదు గానీ పీట మాత్రం ఉండాలంటారా?"

"అక్కడ పీట ఉండాలి."

"ఎందుకని?"

ఆయన దవడ కదిలింది.

"ఎందుకో చెప్పండి, ఇప్పుడే పని ఆపించేస్తాను. క్లాసు కూడా ఆపేస్తాను. ఒక్క కారణం చెప్పండి చాలు."

ఆయన వంటింటి వైపు చూశాడు. లక్ష్మీనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. వద్దనో, ఇక నా వల్ల కాదనో శాంభవికి అర్థం కాలేదు.

"వినిపించడంలేదు" అన్నాడు భానుమూర్తి. కిందపడ్డ పేపరు తీసుకోవడానికి వంగబోయి, వంగలేక, అలాగే ఉండిపోయాడు.

ఉదయభాస్కర్ పేపరు తీసి తండ్రి చేతిలో పెట్టాడు. "నాన్నా, రెండు రోజుల పనేగా. అయ్యాక పీట సంగతి..."

"చూద్దామంటావు" అంది శాంభవి.

ఆమె అబ్రహాము వైపు తిరిగింది.

"కొట్టండి అబ్రహాము గారూ."

*

ఎర్ర గచ్చు చెట్టు బెరడులా పెద్ద పెద్ద పెచ్చులుగా లేచింది. కింద ఇసుక ఉంటుందనుకున్నాడు అబ్రహాము. ఇసుక లేదు, మట్టీ లేదు. నాపరాళ్ళు ఉన్నాయి, పక్కపక్కన పరిచినవి. వాటి సందులోంచి నల్లటి ఇనుము కనిపించింది. చేత్తో దుమ్ము తుడిచాడు.

"రైలు పట్టా ఇది" అన్నాడు ఆశ్చర్యంగా. "ఇంట్లోకి రైలు పట్టా ఎందుకొచ్చిందండీ?"

ఉదయభాస్కర్ ఆఫీసు బ్యాగు కింద పెట్టాడు. ఇంజనీరు బుర్ర అప్పుడు కదిలింది. "కింద ఆధారం లేనప్పుడు... అడ్డంగా దూలంలా వేస్తారు" అన్నాడు నెమ్మదిగా. అన్నాక తన మాట తనకే నచ్చనట్టు తండ్రి వైపు తిరిగాడు.

అబ్రహాము ఒక రాయి అంచుకి ఉలి ఆనించాడు. గట్టిగా కూడా కొట్టలేదు. పిడికెడంత ముక్క విరిగి లోపలికి జారిపోయింది.

ఒకటి, రెండు అనుకునేంత సేపు ఏమీ లేదు. ఆ తర్వాత, ఎక్కడో కింద, బుడుంగుమంది.

ఆ కన్నంలోంచి చల్లటి, పాచి వాసన గాలి వచ్చి శాంభవి పాదాలకి తగిలింది. ముప్ఫై నాలుగేళ్ళుగా రోజూ ఆడిన నేల ఇది. ఆట మొదలుపెట్టేముందు వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్న నేల. అది నేలే కాదు.

అబ్రహాము పిల్లిలా పాకుతూ వెనక్కి, సుద్దగీత బయటికి వచ్చాడు. నుదుటి మీద చెమట తుడుచుకుని, "ప్రభువా" అన్నాడు. "బావి."

"నాన్నా?" అన్నాడు ఉదయభాస్కర్.

భానుమూర్తికి ఆ చప్పుడు వినిపించి ఉండదు. వినిపించనక్కర్లేదు కూడా. కర్ర ఊతంగా లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు.

"నీకప్పుడు మూడేళ్ళు" అన్నాడు కొడుకుతో. "ఇంట్లో అద్దెవాళ్ళున్నారు. పిల్లలకి ఆట నేర్పడానికి పెరడు తప్ప చోటు లేదు. పెరట్లో ఈశాన్యాన బావి. పూడుద్దామంటే ఎవరూ ఒప్పుకోలేదు. ఊట ఉన్న బావి, జీవమున్న బావి, పూడిస్తే వంశానికి మంచిది కాదన్నారు. మీ తాతగారు నా చేతులు పట్టుకున్నారు. సరే, పూడ్చను, మూత వేస్తానన్నాను. పాత ఇనప కొట్లోంచి పట్టాలు తెచ్చాను. ఊపిరాడాలని మూలన గొట్టం పెట్టించింది మీ అమ్మ."

"గంగమ్మ తల్లి" అంది లక్ష్మీనరసమ్మ. "ఎండ తగలకుండా, వాన తగలకుండా నోరు నొక్కేశాం. వారానికో చెంబుడు నీళ్ళన్నా పొయ్యకపోతే ఎలాగే?"

శాంభవికి నవ్వొచ్చింది. అలాంటప్పుడు వచ్చే నవ్వు మంచిది కాదు. బావిలోకి వారానికో చెంబు నీళ్ళు పోసే మనిషినీ, కృష్ణ పొంగితే కింద ఊట పొంగి ఈ చెమ్మ తెస్తుందని తట్టని ఇంజనీరునీ చూసి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏ తల్లి పంపిస్తుంది పిల్లని?" అన్నాడు భానుమూర్తి. "బావి మీద గెంతమని ఎవరు పంపిస్తారు? చెప్పలేదు. అందుకే పీట వేసుకున్నాను. పడితే నేను పడాలి గానీ పిల్లలు కాదని. నలభై ఏళ్ళు ఆ పీట దిగలేదు."

నా పీట దగ్గరికి రావద్దు. ఎనిమిదేళ్ళ శాంభవి చెవుల్లో ఆ కేక మళ్ళీ మోగింది. జంపఖానా అంచు తొక్కినందుకు ఆ రోజు సాయంత్రమంతా ఏడ్చింది. అహంకారమనుకుంది. తల్లి కూడా అలాగే అంది, గొప్పవాళ్ళకి అహంకారం ఉంటుందే అని.

"మరి నేను పీట తీసేసిన రోజైనా చెప్పాల్సింది కదా మావయ్యగారూ! ఆరు నెలలు! నలభై మంది పిల్లలు దాని మీద జతులు వేశారు. రోజూ నేను నిలబడి నేర్పింది కూడా అక్కడే!"

"రోజూ చూస్తూనే ఉన్నాను" అన్నాడాయన. "క్లాసు అయ్యేదాకా కూర్చుని. ఎవరైనా అటు వస్తే గుండె ఆగిపోయేది. చెప్పాలనుకునే లోపు క్లాసు అయిపోయేది. రేపు చెబుదామనుకునేవాణ్ణి."

అంత కోపంలోనూ శాంభవికి ఆయన మొహం చూడబుద్ధి కాలేదు. చిన్నపిల్లాడు గాజుగ్లాసు పగలగొట్టి నిలబడ్డట్టు నిలబడ్డాడు.

లక్ష్మీనరసమ్మ దగ్గరికి వచ్చి కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. "నీ కాలు దానివల్లే పోయిందనుకున్నానే. గంగమ్మే కోపంతో ఇంట్లో ఆడపిల్ల కాలు పట్టుకుందనుకున్నాను. నువ్వు డాక్టర్ల దగ్గరికి తిరుగుతుంటే నేను ఇంకో చెంబు ఎక్కువ పోశాను."

"ఒక్క చెంబే అన్నారు."

"అబద్ధం చెప్పాను."

శాంభవి ఆ చెయ్యి తొయ్యలేదు, పట్టుకోలేదు.

*

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది, ఎవర్నీ చూడకుండా.

అబ్రహాము సుద్దగీత చుట్టూ టేపు అడ్డం కట్టాడు. "ఒక పట్టా తుప్పుపట్టి సగమైందమ్మా. రాళ్ళు రెండు పగిలున్నాయి. ఇన్నాళ్ళూ పైన గచ్చు పట్టి ఉంచింది, ఆ గచ్చు నేను కొట్టేశాను. ఇప్పుడు దాని మీద పిల్లి నడిచినా నాకు భయమే."

"ఇసుక పోసి పూడిస్తే?"

"లారీలకి లారీలు పడతది. హాలు గోడ కొట్టాలి. పూడ్చినా నేల కుంగడం ఆగాలి, ఒక వానాకాలం చూడాలి. నేను చెక్క పనోణ్ణమ్మా. చెక్క ఎలా పడుకోవాలో చెబుతాను గానీ, కింద నేలే లేకపోతే నేనేం చెప్పేది?" పలకల వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. "మరియదాసు అని బావుల మేస్త్రీ ఉన్నాడు, కంకిపాడు అవతల. అడిగి చూస్తాను." సిగ్నల్ కోసం ఫోనుతో గేటు దాటి వీధిలోకి వెళ్ళాడు.

"పూడ్చద్దు" అంది లక్ష్మీనరసమ్మ మెల్లగా. ఆ మాట పట్టించుకునే ఓపిక ఎవరికీ లేదు. ఆవిడ వంటింట్లోకి, భానుమూర్తి మళ్ళీ వరండా కుర్చీలోకి పోయారు.

గచ్చు ఉంటే మోకాళ్ళు పోతాయనుకుంది శాంభవి. చెక్క వస్తే నిలబడతాననుకుంది. ఇప్పుడు గచ్చూ లేదు, చెక్కా లేదు. ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు. దాచినాయన నలభై ఏళ్ళు తన ఒళ్ళు అడ్డం పెట్టాడు. నీళ్ళు పోసినావిడ తన కాలు బాగుపడాలని పోసింది. పీట తీసింది మాత్రం తనే. వంటింట్లోకి వెళ్ళి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, తాగడం మరిచిపోయి నిలబడింది.

ఉదయభాస్కర్ ఫోను మోగింది. బ్యారేజీ నుంచి. "సార్, ఇంకో గంటలో..." అంటూ గదిలోకి పోయాడు.

గేటు చప్పుడైంది.

"మేడమ్ గారున్నారా అండీ?" ఎదురు సందులో ఉండే టీచరు శివపార్వతి. దశమికి చేరుస్తానని పేరిచ్చిన కూతుర్ని వెంట తీసుకొచ్చింది. "చెక్క నేల వేస్తున్నారటగా! చూస్తానని పొద్దుట్నుంచీ ఒకటే గోల. కీర్తనా, చెప్పులిప్పవే. ఆగవే!"

కీర్తన ఆగలేదు. ఆరేళ్ళ పిల్ల. చెప్పులు రెండు వైపులా విసిరేసి, పలకలు దాటుకుని, హాల్లోకి దూరింది. లోపలెవరూ లేరు. నేల మీద తెల్లటి గుండ్రటి గీత, చుట్టూ రంగు టేపు, మధ్యలో ఒక కన్నం. పిల్లలకి ఇంతకన్నా ఏం కావాలి? టేపు కిందనుంచి వంగి లోపలికి పోయింది.

"రావద్దు!"

శాంభవి చేతిలో గ్లాసు జారిపోయింది. అది ముప్ఫై నాలుగేళ్ళ నాటి కేక. అదే గొంతు.

ఆమె వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి భానుమూర్తి హాల్లో ఉన్నాడు. కర్ర వరండాలోనే పడిపోయి ఉంది. విరిగిన తుంటితో, గోడ పట్టుకోకుండా, రెండేళ్ళలో ఎవరూ చూడనంత వేగంగా వెళ్ళి, పిల్ల జబ్బ పట్టుకుని గోడ వైపుకి తోసేశాడు. కీర్తన గట్టి నేల మీద పడి బావురుమంది. తోసిన ఊపుకి ఆయన తూలాడు. సుద్దగీత మధ్యలో, ఒకప్పుడు పీట ఉన్నచోట, పడ్డాడో కూర్చున్నాడో తెలియనట్టు కూలబడ్డాడు.

రాళ్ళు కరకరమన్నాయి. ఆగాయి.

"ఏవండీ!" లక్ష్మీనరసమ్మ అడుగు వెయ్యబోయింది. వీధిలోంచి అబ్రహాము పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే రెండు చేతులూ చాపి అందర్నీ ఆపాడు.

"ఎవరూ వెళ్ళద్దు! ఇంకో మనిషి బరువు పడితే రాయి ఆగదు. మాస్టారూ, కదలకండి. పలకలు అడ్డం వేస్తాను, నేనొచ్చేదాకా కదలకండి!" వరండాలోకి ఉరికి, పేర్చిన టేకు పలకల్ని లాగడం మొదలుపెట్టాడు. ఉదయభాస్కర్ ఫోను పారేసి వచ్చాడు. ఒక కాలు లోపల పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, తీశాడు. చూద్దామని అనలేదు.

"నాకేం కాలేదు" అన్నాడు భానుమూర్తి. మఠం వేసుకున్నంత తీరుగా కూర్చోబోయాడు, తుంటి ఒప్పుకోలేదు. "నలభై ఏళ్ళు మోసింది, ఇంకో ఐదు నిమిషాలు మొయ్యదా? పిల్లని తీసుకెళ్ళమ్మా, దడుచుకుంది."

శివపార్వతి గోడ వారగా పాకి పిల్లని లాక్కుని బయటికి పోయింది.

శాంభవి టేపు ఇవతలికి వచ్చి నిలబడింది. ఆయనకీ ఆమెకీ మధ్య నాలుగడుగుల దూరం. చెయ్యి చాపితే అందదు, అడుగు వేస్తే నేల ఉండదు.

"మాస్టారూ" అంది. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆ పిలుపు దానంతటదే వచ్చింది.

ఆయన తలెత్తాడు. కింద ఏదో రాయి వదులై జారింది. ఒకటి, రెండు. బుడుంగుమంది. ఈసారి ఆయనకీ వినిపించినట్టుంది. అరచేయి నేలకి ఆనించి లేవబోయాడు. లేవలేకపోయాడు. ఇంకోసారి ప్రయత్నించాడు. తర్వాత ఆరు నెలలుగా చూడని కోడలి మొహం వైపు సూటిగా చూశాడు.

"శాంభవీ, నాకు లేవడం చాతకాదే" అన్నాడు.